పాత జీపుకు కొత్త బరువులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత మారుతి జిప్సీలను, జీపులను, తొలి తరం మహీంద్రా థార్లను కొని, వాటిని సెలవుల్లో దూర ప్రయాణాలకు సొంత చేతులతో సిద్ధం చేసుకుంటున్న బెంగళూరు పాఠకుల నుంచి ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. చాలామంది ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగారు కనుక వాటిని కలిపి, కుదించి ఇక్కడ వేస్తున్నాము. పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరి విషయంలోనూ పేట పేరు మాత్రమే ఉంచాము.

ప్రశ్న: నా దగ్గర 2003 నాటి జిప్సీ కింగ్ ఉంది. పెట్రోలు బండి, ఎంపీఎఫ్‌ఐ ఇంజను. మా సొంతూరు కదిరి దగ్గర. అక్కడికి, గండికోటకు, వీలైతే సకలేశపుర మీదుగా మంగళూరు తీరానికి, గుడారం సామాను వేసిన సుమారు 500 కిలోల చిన్న ట్రెయిలరును వెనుక తగిలించుకొని కుటుంబంతో వెళ్లాలని ఉంది. పెద్ద టైర్లు, రెండంగుళాల ఎత్తు పెంపు, టో హుక్ (ట్రెయిలరు తగిలించే కొక్కెం), ముందు వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు) అనే నాలుగు పనులు అనుకున్నాను. వీటిలో మొదట ఏది చేయాలి? పనిముట్లు ఉన్నాయి, చాలావరకు నేనే చేసుకోగలను.
— యలహంక పాఠకుడు

జవాబు: మీ జాబితాలో లేని పనిని మొదట చేయాలి. అది బ్రేకుల పని.

ట్రెయిలరు అనగానే అందరి దృష్టీ ఇంజను లాగగలదా లేదా అన్న దాని మీదకే పోతుంది. ముందు ఆ లెక్కే చూద్దాం. మీ జిప్సీ ఖాళీ బరువు సుమారు ఒక టన్ను, మనుషులు, సామాను కలిపి 300 కిలోలు, ట్రెయిలరు 500 కిలోలు అనుకుంటే మొత్తం 1,800 కిలోలు అవుతుంది. వంద మీటర్లకు ఎనిమిది మీటర్లు ఎక్కే ఘాటు రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఈ బరువును లాగడానికి చక్రాల దగ్గర దాదాపు 25 హార్స్‌పవర్ చాలు. మీ 1,298 సీసీ ఇంజను ఇచ్చే 80 హార్స్‌పవర్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పుడు వచ్చే లెక్కే అయినా, మూడో గేరులోనో రెండో గేరులోనో ఓపికగా ఎక్కితే ఈ పని దానికి అసాధ్యం కాదు. లారీల వెనుక క్యూలో నిలబడవలసి వస్తుంది, అంతే.

అసలు చిక్కు కొండ దిగేటప్పుడు వస్తుంది. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న సకలేశపుర నుంచి శిరాడి ఘాటు మీదుగా తీరప్రాంతానికి దిగడమంటే, 1,800 కిలోల బరువును దాదాపు 800 మీటర్లు కిందికి దించడం. ఆ దిగుడులో విడుదలయ్యే శక్తి మొత్తం వేడిగా మారితే నలభై అయిదు లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచవచ్చు. అందులో కొంత గాలి నిరోధానికి, టైర్ల రాపిడికి పోతుంది. మిగిలినదాన్ని ఇంజను చేత మోయించకపోతే, అదంతా ముందు రెండు డిస్కులు, వెనుక రెండు డ్రమ్ములు మోయవలసిందే. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది. కొత్త డాట్ 3 ఆయిలు 205 డిగ్రీల దాకా మరగదు కాని, ఏళ్ల తరబడి మార్చని ఆయిలు 140 డిగ్రీలకే మరిగే స్థితికి వస్తుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు ఏర్పడతాయి, పెడల్ నేల దాకా పోతుంది, బండి ఆగదు.

ఇది పుస్తకం చూసి చెప్పే మాట కాదు. చాలా ఏళ్ల క్రితం నా పాత జీపులో నిండా సామాను వేసుకొని హార్స్‌లీ కొండ దిగుతూ, అంతా తెలిసినవాణ్ణే అనుకొని టాప్ గేరులో వదిలేశాను. సగం దిగేసరికి పెడల్ దూదిలా మెత్తబడింది. చేతి బ్రేకు, మొదటి గేరు, రోడ్డు పక్క మట్టిగట్టు కలిసి నన్ను ఆపాయి. తప్పు బండిది కాదు, మెకానిక్కుది కాదు, నాదే.

కనుక వరుస ఇలా పెట్టుకోండి. ముందు బ్రేకు ఆయిలు పూర్తిగా తీసి డాట్ 4 పోయండి, దాన్ని రెండేళ్లకొకసారి తప్పక మార్చండి. ఇరవై ఏళ్లు దాటిన రబ్బరు హోసులు పైకి బాగున్నట్లే కనిపిస్తాయి, లోపల వాచి మూసుకుపోతాయి. ఉన్నవన్నీ మార్చేయండి. వెనుక డ్రమ్ములు విప్పి వీల్ సిలిండర్లు చెమ్మగిల్లాయేమో చూసి, షూలను సరిగా దగ్గరికి సర్దండి. బెంగళూరు జేసీ రోడ్డులో ఈ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. ధర మీద బేరం ఆడండి కాని, పేరులేని సరుకు మీద మాత్రం రాజీ పడకండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అంతకంటే ఒక గేరు తక్కువలో దిగడం అలవాటు చేసుకోండి. మీ ముందు చక్రాలకు చేత్తో తిప్పే ఫ్రీవీల్ హబ్బులు (ముందు చక్రాలను ఇరుసుతో కలిపే, విడదీసే మీటలు) ఉంటే, వాటిని విడదీసి ఉంచి ఫోర్‌వీల్ లో గేరును వాడవచ్చు. అప్పుడు వెనుక చక్రాలకే బలం వెళుతుంది కనుక తారు రోడ్డు మీద కూడా ఇబ్బంది లేదు, దిగుడులో ఇంజను బండిని గట్టిగా పట్టి ఉంచుతుంది. హబ్బులు కలిపి ఉంచి మాత్రం తారు మీద ఫోర్‌వీల్ వేయరాదు. మలుపుల్లో ముందు వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరుగుతాయి, ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ మీ బండి మధ్యలో లేదు కనుక గేరుబాక్సు మెలిపడుతుంది.

ఇక పెద్ద టైర్ల సంగతి. జిప్సీకి 205/70 ఆర్ 15 టైరు ఉన్నప్పుడు దాని వ్యాసం 668 మిల్లీమీటర్లు. మీవాళ్లు చాలామంది ముచ్చటపడే 235/75 ఆర్ 15 వేస్తే అది 733 మిల్లీమీటర్లకు చేరుతుంది. అంటే చక్రం దాదాపు పది శాతం పెరిగింది. స్పీడోమీటరు 60 చూపినప్పుడు మీరు 66లో వెళుతుంటారు. ప్రతి గేరూ పది శాతం బరువెక్కుతుంది, లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, బ్రేకు కూడా అంతే మేరకు బలహీనపడుతుంది, ఎందుకంటే డిస్కు అంతే ఉండి చక్రం మాత్రమే పెద్దదయింది. ట్రెయిలరు లాగదలచిన బండికి ఇది వెనకడుగు. మన్నికైన ఆల్ టెరైన్ టైర్లు కావాలంటే ఉన్న కొలతలోనే తీసుకోండి. మరీ మనసు ఆగకపోతే 215/75 వరకు, అంటే అయిదు శాతం పెరుగుదల వరకు సరిపెట్టుకోండి.

ఎత్తు పెంపు ట్రెయిలరు లాగే బండికి అవసరం లేదు. కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) ఇరవై ఏళ్లలో కుంగిపోయి ఉంటాయి కనుక వాటిని కొత్త కట్టలతో, కొత్త బుష్షులతో అసలు ఎత్తుకు తెస్తే మీకు తెలియకుండానే ఒకటిన్నర అంగుళం తిరిగి వస్తుంది. వించి మరో ముప్పై, నలభై కిలోల బరువును ముందు చక్రాల ముందర వేలాడదీస్తుంది, నిండు బరువు లాగేటప్పుడు బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు తాగుతుంది. కదిరికి, గండికోటకు వెళ్లే మీకు ఒక మంచి తాడు, దాన్ని తగిలించే రెండు ఇనుప కొక్కేలు, ఒక పార చాలు.

ఈ పనులన్నీ అయ్యాక సామానుతో, కుటుంబంతో సహా బండిని లారీలు తూచే కాటా మీదికి ఎక్కించి, ముందు ఇరుసు, వెనుక ఇరుసు విడివిడిగా తూయించండి. కాగితం మీద వేసుకున్న 300 కిలోలు కాటా మీద 450 అయిన సందర్భాలు నేను చాలా చూశాను.

ప్రశ్న: పీణ్యలో తెలిసిన వెల్డింగు షాపువారు నా జిప్సీ వెనుక బంపరుకే టో హుక్ అతికించి ఇస్తామంటున్నారు. ఖర్చు తక్కువ. ట్రెయిలరు కూడా వారే చేస్తారట. అతికించవచ్చా? దానికి విడిగా రిజిస్ట్రేషను కావాలా?
— నెలమంగల రోడ్డు పాఠకుడు

జవాబు: బంపరుకు అతికించకూడదు. బంపరు తాకిడిని తట్టుకోవడానికి పెట్టినది, వెనక్కి గుంజే బలాన్ని వేల కిలోమీటర్లు భరించడానికి కాదు. టో హుక్ బలం ఛాసిస్ రెండు పట్టీలలోకి నేరుగా పోవాలి. అక్కడ కూడా వెల్డింగు కంటే బోల్టులే మేలు, ఎందుకంటే పాత ఛాసిస్ రేకు పలుచబడి ఉంటుంది, వెల్డింగు వేడికి దాని పక్కనే లోహం పెళుసుబారి కొన్నాళ్లకు అక్కడే పగులు వస్తుంది. పని మొదలుపెట్టే ముందు చిన్న సుత్తితో ఛాసిస్‌ను వెనుక నుంచి ముందుకు కొట్టుకుంటూ రండి. గట్టి చోట గణగణమంటుంది, తుప్పు తిన్న చోట మట్టి కుండ చప్పుడు చేస్తుంది. చెన్నై, విశాఖ వంటి సముద్రతీరం నుంచి వచ్చిన బండి అయితే ఈ పరీక్ష మరీ ముఖ్యం. పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్‌కు బోల్టు బిగించేటప్పుడు లోపల ఒక గొట్టపు ముక్కను నిలబెట్టి బిగించాలి. లేకపోతే బిగించే కొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోతాయి, బోల్టు ఎన్నటికీ గట్టిగా నిలవదు. తల మీద 8.8 అని ముద్ర ఉన్న బోల్టులనే వాడండి, రెండు వైపులా మందపాటి పట్టీలు వేయండి.

టో హుక్ కొసన ట్రెయిలరు ముక్కు కూర్చునే గోళం 50 మిల్లీమీటర్లది తీసుకోండి. ట్రెయిలరు మొత్తం బరువులో సుమారు పదో వంతు ఆ గోళం మీద పడేలా సామాను సర్దాలి. 500 కిలోల ట్రెయిలరుకు అది 50 కిలోలు. ఇంట్లో బరువు చూసుకునే చిన్న మిషను మీద ఒక చెక్క దిమ్మె పెట్టి, ట్రెయిలరు ముక్కును దాని మీద ఆనిస్తే ఈ లెక్క రెండు నిమిషాల్లో తేలుతుంది. బరువు వెనక్కి పోయి ముక్కు తేలికైతే, గంటకు అరవై దాటగానే ట్రెయిలరు పాము తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అప్పుడు బ్రేకు మీద కాలు వేస్తే ఊగు ఇంకా పెరుగుతుంది. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు నిలకడగా పట్టుకొని, వేగం తనంతట తగ్గనివ్వాలి. అలాగని ముక్కు మీద మరీ ఎక్కువ బరువు పెట్టడమూ ప్రమాదమే. జిప్సీ ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు మాత్రమే. వెనుక ఇరుసుకు ఒక మీటరు అవతల గోళం ఉందనుకుంటే, దాని మీద 50 కిలోలు వేస్తే వెనుక ఇరుసు మీద 71 కిలోలు పడుతుంది, ముందు ఇరుసు 21 కిలోలు తేలికవుతుంది. పొట్టి బండికి ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు చెప్పిన మాట వినదు.

బ్రిటన్‌లో బ్రేకులు లేని ట్రెయిలరు బరువు 750 కిలోలకు గాని, లాగే బండి ఖాళీ బరువులో సగానికి గాని, రెంటిలో ఏది తక్కువైతే దానికి మించకూడదని నియమం ఉంది. ఆ కొలతతో చూస్తే టన్ను బరువున్న జిప్సీకి 500 కిలోలు సరిహద్దు గీత. అది సామానుతో కలిపిన బరువు. కనుక వెల్డరుగారు గట్టిదనం కోసం ఇనుము ఎక్కువ వాడి ఖాళీ ట్రెయిలరునే 300 కిలోలు చేస్తే, మీకు మిగిలేది 200 కిలోలే. ఈ మాట ముందే వారికి చెప్పండి.

రక్షణ గొలుసులు రెండు ఉండాలి, అవి గోళం కింద ఒకదానినొకటి దాటుతూ వెళ్లాలి. కొక్కెం ఊడినా ముక్కు ఆ గొలుసుల ఊయలలో పడుతుంది కాని రోడ్డులో గుచ్చుకోదు. వెనుక దీపాలకు ఎర్తు వైరు విడిగా లాగండి, గోళం గుండా ఎర్తు అందుతుందిలే అని వదిలేస్తే మొదటి వర్షానికే ఇండికేటర్లు పిచ్చెక్కినట్లు వెలుగుతాయి.

రిజిస్ట్రేషను విషయంలో సందేహం లేదు. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రెయిలరు విడిగా ఒక వాహనం, రిజిస్ట్రేషను లేనిదాన్ని రోడ్డు మీద లాగరాదు. వెల్డింగు షాపు ఇచ్చిన రశీదుతో అది జరగదు. కొలతల పత్రం, ఆమోదం వగైరాలు చూపగల తయారీదారు దగ్గర కొనడమే మంచిది. మీ ఆర్‌టీఓ కార్యాలయంలో ఏ పత్రాలు అడుగుతారో ఇనుము కొనకముందే కనుక్కోండి.

ప్రశ్న: పాత జిప్సీకి పొడవు షాకిళ్లతో (కమాను కొసను ఛాసిస్‌కు కలిపే లంకెలు) రెండంగుళాలు ఎత్తు పెంచి, 235 టైర్లు వేశాను. ఇప్పుడు 60 వేగంలో చిన్న గుంతలో పడితే చాలు, స్టీరింగు చేతుల్లోంచి ఊడిపోయేంతగా గిజగిజలాడుతోంది. బండి ఆగితే గాని ఆ వణుకు ఆగదు. స్టీరింగు డ్యాంపరు (ఊగును అణచే షాక్ అబ్జార్బరు) వేయించమంటున్నారు.
— కె.ఆర్.పురం పాఠకుడు

జవాబు: డ్యాంపరు జబ్బును దాస్తుంది, నయం చేయదు. ముందు ఇరుసు ఒకే కడ్డీగా ఉన్న బండ్లలో ఈ వణుకు పాత సంగతే. కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరిగేందుకు ఆధారమైన పిన్ను) బేరింగులు, టై రాడ్ ఎండ్లు (రెండు చక్రాలను కలిపే కడ్డీ కీళ్లు), కమాను బుష్షులు, వీటిలో ఏ ఒక్కటి అరిగినా చక్రం తన పిన్ను చుట్టూ ఊగడానికి చోటు దొరుకుతుంది. పాత చిన్న టైర్లు ఉన్నంతకాలం ఆ అరుగుదల బయటపడలేదు, బరువైన టైరు వేయగానే పడింది.

ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపండి. ఆట కనిపిస్తే లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కినప్పుడు ఆట పోతే వీల్ బేరింగు వదులైనట్లు. పోకపోతే కింగ్ పిన్. తరువాత బండిని నేల మీదకు దించి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా కదుపుతుంటే మీరు కింద పడుకొని ఒక్కొక్క కీలు మీద వేలు వేసి చూడండి. కంటికి కనిపించని ఆట వేలికి తెలుస్తుంది.

మీ విషయంలో ఇంకొకటి ఉంది. జిప్సీ ముందు కమానుకు షాకిలు ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడవు చేస్తే కమాను ముందు కొస కిందికి దిగి, దానితో ఇరుసు మొత్తం ముందుకు ఒరుగుతుంది, కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలి ఉండవలసింది నిటారుగా అవుతుంది. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఉండబట్టే చేతులు వదిలినా నేరుగా పోతుంది. ఆ వాలు తగ్గితే చక్రం దారి మరిచిపోతుంది. కమానుకు ఇరుసుకు మధ్య ఏటవాలు బిళ్లలు వేసి ఆ వాలును తిరిగి తేవచ్చు. నా సలహా మాత్రం ఆ షాకిళ్లు తీసి అసలువి వేయమనే. తీయక తప్పని పని ఎప్పుడు చేసినా ఒకటే.

ప్రశ్న: నాది 2013 థార్ సీఆర్‌డీఈ. వెనుక 40 లీటర్ల కంప్రెసరు ఫ్రిజ్, దానికోసం 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ పెట్టాను. ముందు బ్యాటరీ నుంచి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, మధ్యలో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) వేశాను. రోజంతా నడిపినా రాత్రి రెండింటికల్లా ఫ్రిజ్ ఆగిపోతోంది. బ్యాటరీ చెడ్డదా?
— వైట్‌ఫీల్డ్ పాఠకుడు

జవాబు: మీ బ్యాటరీని అనుమానించే ముందు వైరును అనుమానించండి. బ్యానెట్ నుంచి వెనుక దాకా వైరు పోయే దారి అయిదు మీటర్లు ఉంటుంది, రాకపోకలు కలిపి పది మీటర్లు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పది మీటర్ల నిరోధం సుమారు 0.07 ఓములు. ఫ్రిజ్ తీసుకునే అయిదు ఆంపియర్లకు ఇందులో పోయేది 0.35 వోల్టు మాత్రమే, అది పెద్ద నష్టం కాదు. కాని ఖాళీ అయిన బ్యాటరీ 25 ఆంపియర్లు పీల్చబోతే ఆ వైరులోనే 1.75 వోల్టులు పోతాయి. ఆల్టర్నేటరు 14.2 ఇస్తే వెనుక అందేది 12.45. అంత తక్కువ వోల్టేజీతో లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండదు. వోల్టేజీ తేడా తగ్గిన కొద్దీ కరెంటు కూడా చుక్కలు చుక్కలుగా సాగుతుంది. రోజంతా నడిపినా నిండకపోవడానికి కారణం అదే. 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అదే కరెంటుకు నష్టం పావు వోల్టు చిల్లర.

వెల్డింగు మిషన్లకు వాడే సన్నని పోగుల కేబులు ఎస్పీ రోడ్డులో మీటరు లెక్కన దొరుకుతుంది. ఇంటి వైరింగుకు వాడే ఒంటి కమ్మీ వైరు బండి కుదుపులకు లోపలే విరుగుతుంది, అది వద్దు. కేబులుకు రెండు కొసలా రెండు ఫ్యూజులు, ఒక్కొక్కటి బ్యాటరీకి జానెడు దూరంలోపు ఉండాలి. రెండు వైపులా బ్యాటరీలే కనుక ఏ వైపు నుంచి షార్టు అయినా మంట పుట్టగలదు. ఒక వైపే ఫ్యూజు వేసి నిశ్చింతగా ఉన్నవారు చాలామంది ఉన్నారు. మధ్యలో వోల్టేజీని బట్టి కలిసి విడిపోయే రిలే వేయండి. అవి సాధారణంగా 13.3 దగ్గర కలిసి, 12.8 దగ్గర విడిపోతాయి. మీ ముందు బ్యాటరీ పొద్దున్నే స్టార్టు చేయడానికి భద్రంగా ఉంటుంది.

ఫ్రిజ్ ఆగుతూ నడుస్తూ సగటున ఒకటిన్నర నుంచి రెండు ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే రోజుకు 36 నుంచి 48 ఏహెచ్. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది కనుక, నిండిన 100 ఏహెచ్ మీకు ఒక పగలు, ఒక రాత్రి ఇస్తుంది. మూడు రోజులు ఒకే చోట దిగితే సోలారు పలక కావాలి. లిథియం బ్యాటరీకి మారాలనుకుంటే పాత ఆల్టర్నేటరుకు నేరుగా కలపకండి, అది పట్టపగ్గాల్లేకుండా కరెంటు పీల్చి ఆల్టర్నేటరును మాడ్చగలదు. మధ్యలో డీసీ టు డీసీ ఛార్జరు తప్పనిసరి.

ప్రశ్న: మా వారు సైన్యం వేలంలో వచ్చిన జిప్సీ ఒకటి కొన్నారు. ముందు బుల్ బార్, పైన క్యారియరు మీద గుడారం, వెనుక ఎదురెదురు సీట్లు పెట్టిస్తామంటున్నారు. పాత ఆర్మీ రంగు అలాగే ఉంచాలట. ఇవన్నీ చట్టానికి సమ్మతమేనా? మాకు ఇద్దరు పిల్లలు.
— జయనగర్ పాఠకురాలు

జవాబు: అమ్మా, రంగు ముందు మార్పించండి. ఆలివ్ పచ్చ రంగు రక్షణ శాఖ వాహనాలకే పరిమితమని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 121వ నియమం చెబుతోంది. బుల్ బార్ వద్దు. వీటిని అనుమతించవద్దని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. గుద్దుకున్నప్పుడు ఇవి దెబ్బను నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తాయి, ఎదుట నడిచివెళ్లేవారికి ప్రాణాంతకమవుతాయి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని చట్టంలోని 52వ సెక్షను చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానిని నిలబెట్టింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. పదిహేనేళ్లు దాటిన సొంత బండి ఆర్‌సీని అయిదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి కనుక, ఈ మార్పులన్నీ తనిఖీ అధికారి కళ్ల ముందుకు రాక తప్పవు. ఇంతకంటే ముఖ్యమైనది బీమా. చెప్పకుండా చేసిన మార్పు వల్ల ప్రమాదం జరిగిందంటే పరిహారం దగ్గర పేచీ మొదలవుతుంది.

పై క్యారియరు తేలికపాటిదైతే అభ్యంతరం లేదు కాని, మడత గుడారం యాభై, అరవై కిలోలు ఉంటుంది. ఇరుకుగా, ఎత్తుగా ఉండే జిప్సీ నెత్తిన అంత బరువు పెట్టి మలుపు తిప్పడం, నిండు బిందె తల మీద పెట్టుకొని పరుగెత్తడంలా ఉంటుంది. నేల మీద వేసుకునే గుడారం కొనమని మీ వారితో చెప్పండి. ఎదురెదురు సీట్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బెల్టు లేని పక్క సీటులో పిల్లలను కూర్చోబెట్టుకొని హైవే ఎక్కరాదు. ముందుకు చూసే సీటు, మూడు చోట్ల పట్టే బెల్టు, ఆ బెల్టు కొసలు రేకుకు కాక బలమైన పట్టీకి బిగించడం, ఈ మూడూ కుదిరాకే పిల్లల ప్రయాణం.

ప్రశ్న: నా మహీంద్రా ఎంఎం 540 జీపు ఎండాకాలంలో ఎక్కుడులో వేడెక్కుతోందని మెకానిక్కు థర్మోస్టాట్ (ఇంజను కాగేదాకా నీటిని రేడియేటరుకు వదలని కవాటం) తీసేశాడు. ఇప్పుడు వేడి చూపే ముల్లు అసలు పైకి లేవదు. మంచిదే కదా?
— హొసకోటె పాఠకుడు

జవాబు: మంచిది కాదు. చల్లగా నడిచే డీజిలు ఇంజను ఎక్కువ ఇంధనం తాగుతుంది, ఎక్కువ పొగ వేస్తుంది, లోపల త్వరగా అరుగుతుంది. వేడెక్కడానికి అసలు కారణం ఇంకా అక్కడే ఉంది. రేడియేటరును విప్పించి లోపలి గొట్టాలను రాడింగు (కడ్డీ దూర్చి శుభ్రం) చేయించండి, మూతలోని రబ్బరు, స్ప్రింగు చూడండి. ఒత్తిడి పట్టని మూత వల్ల నీళ్లు ముందుగానే మరుగుతాయి. ఫ్యాను చుట్టూ ఉండే రేకు తొడుగు ఉందో లేదో గమనించండి, పాత బండ్లలో అది ఎప్పుడో గుజిరీకి పోయి ఉంటుంది. అది లేకపోతే ఫ్యాను రేడియేటరు గుండా గాలిని లాగదు, తన చుట్టూ తానే తిప్పుకుంటుంది. తరువాత కొత్త థర్మోస్టాట్ వేసి, బోరు నీళ్లు కాకుండా కూలెంటు, శుద్ధజలం సగం సగం పోయండి.

ప్రశ్న: వర్షాకాలంలో వాగులు దాటడానికి స్నార్కెల్ (ఇంజనుకు గాలిని ఎత్తు నుంచి అందించే గొట్టం) వేయించాలా? అంతకంటే చవకగా ఏదైనా ఉందా?
— మారతహళ్లి పాఠకుడు

జవాబు: ఉంది. రోడ్డు మీద చాలాసేపు నడిచి కాగిన ఇరుసు చన్నీళ్లలోకి దిగగానే లోపలి గాలి ముడుచుకొని, హౌసింగు మీద ఉన్న చిన్న ఊపిరి రంధ్రం గుండా గాని, సీళ్ల గుండా గాని నీటిని లోపలికి పీలుస్తుంది. కొన్నాళ్లకు గేరు ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగుకు మారుతుంది, ఆ పైన బేరింగులు పోతాయి. రెండు ఇరుసుల మీదా, ట్రాన్స్‌ఫర్ కేసు (రెండు ఇరుసులకు బలం పంచే గేరుపెట్టె) మీదా ఉన్న ఆ రంధ్రాలకు ఆయిలు తట్టుకునే సన్నని హోసు తగిలించి, ఇంజను గదిలో ఎత్తైన చోటికి తీసుకుపోయి, కొసన చిన్న ఫిల్టరు పెట్టండి. ఆదివారం ఒక పూట పని, ఖర్చు వందల్లోనే. స్నార్కెల్ వేసినా ఇంజను మీది కరెంటు భాగాలు, తలుపుల సందులు అలాగే ఉంటాయి కనుక, హెడ్‌లైట్ల దాకా నీళ్లున్న వాగు అంతకుముందూ దాటరానిదే, ఆ తరువాతా దాటరానిదే. నీటిలోకి దిగే ముందు కర్రతో నడిచి లోతు చూడండి. దాటివచ్చిన మర్నాడు ఇరుసు నింపుడు బోల్టు వదులుచేసి, ఆయిలు రంగు ఒకసారి వేలితో చూసుకోండి.